ఫొటోలో రాని అంచు

కొత్తగా లాబులో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది కెమెరా గురించే. మైక్రోస్కోపు మీద తీసిన ఫొటో పసుపుపచ్చగా ఎందుకు వస్తోంది? కన్ను ఆనించి చూసే ఐపీసులో స్పష్టంగా ఉన్న కణం తెర మీద ఎందుకు మసకబారుతోంది? ప్రతి ఫొటోలోనూ ఒకే చోట నల్ల మచ్చ ఎందుకు పడుతోంది? తెలిసినంత చెబుతూనే ఉన్నాను, ఇక్కడా రాస్తాను. కానీ గోదావరిఖనిలో ఒక ట్రస్టు దవాఖానలో ముప్పై ఏళ్ళకు పైగా రక్తం చూసినదాన్ని. కొమురయ్య సంగతి వదిలేసి మిగతాదంతా చెబితే మీకు సగం పనే నేర్పినట్టవుతుంది. మనుషుల పేర్లు మార్చాను. జరిగింది మార్చలేదు.

ఒకే స్లైడు, ఇద్దరం

మా నాన్న లారీ మెకానిక్. బసంత్‌నగర్ సిమెంటు లారీలు ఎక్కువగా ఆయన దగ్గరికే వచ్చేవి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, లాబులో ఇంగ్లీషు పేర్లు. ఈ మూడింటి మధ్య బెరుకుగా తిరుగుతున్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నది మా పాథాలజిస్టు, సుభద్ర మేడం.

మా దగ్గర రెండు తలల మైక్రోస్కోపు ఉండేది. ఒకే స్లైడును ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూడొచ్చు. స్లైడు జరిపేది నేను. లోపల ఒక చిన్న పచ్చ బాణం కనబడేది, దాన్ని తిప్పేది మేడం. నేను జరుపుతూ పోతుంటే ఆమె "ఆగు" అనేవారు. బాణం వచ్చి ఒక కణం పక్కన నిలబడేది. అదేమిటో నేను చెప్పాలి. తప్పు చెబితే తిట్టేవారు కాదు. బాణాన్ని అక్కడే ఉంచి ఊరుకునేవారు. నేను మళ్ళీ చూసి, మళ్ళీ ఆలోచించి సరిగ్గా చెప్పేదాకా అది కదిలేది కాదు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయ్యేది. కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఐపీసులో కణాలన్నీ ఒక్కసారిగా వణికేవి. ఇద్దరం తలలెత్తి కళ్ళు నులుముకునేవాళ్ళం. ఆ రెండు నిమిషాలు మాకు మాటల వేళ. ఆమె తన ఊళ్ళో గోదావరి ఎంత వెడల్పో చెప్పేవారు, నేను మా అమ్మ చేసే ఖిచిడీ ఖట్టా గురించి చెప్పేదాన్ని. తర్వాత మళ్ళీ తలలు వంచేవాళ్ళం. ఉద్యోగంలో సుఖపడ్డావా అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేవి ఆ రెండు నిమిషాలే. ఇప్పుడు ఇంట్లో కూరగాయలు తరుగుతున్నా బ్లాస్టింగ్ చప్పుడుకు తల ఎత్తుతాను. ఎదురుగా ఎవరూ ఉండరు.

ఒకసారి కాసిపేట నుంచి వచ్చిన ఒకామె స్లైడులో బాణం ఒక పెద్ద కణం దగ్గర ఆగింది. దాని లోపల సన్నటి ఎర్రటి పుల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కట్టెల మోపులా ఉంది కదూ అన్నారు మేడం. అది ఒక రకం రక్త కేన్సరని, వెంటనే పట్టుకుంటే బతికించే మందు ఉందని, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మనిషి లోపల రక్తం కారి పోతారని చెప్పారు. "దీన్ని చూశాక కుర్చీలో కూర్చోకూడదు రజియా" అంటూ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వార్డుకు పరిగెత్తారు. ఆ కాసిపేట ఆమె హైదరాబాదులో మందు తీసుకుని బతికింది. తర్వాత ఒకసారి సీతాఫలాలు తెచ్చి ఇచ్చి వెళ్ళింది.

కెమెరా వచ్చింది, మేడం వెళ్ళిపోయారు

మేడం రిటైరై తన ఊరికి వెళ్ళిపోయారు. ఆమె స్థానంలోకి ఎవరూ రాలేదు. మా వైపు రావడానికి పెద్ద డాక్టర్లు ఇష్టపడరు, ఉన్నమాట ఇది. ఏడాది చూసి ట్రస్టు వాళ్ళు మూడో గొట్టం ఉన్న మైక్రోస్కోపు కొన్నారు. రెండు గొట్టాలు మన కళ్ళకు, మూడోది కెమెరాకు. నేను స్లైడు చూసి ఫొటోలు తీసి పంపాలి. హైదరాబాదులో కూర్చున్న డాక్టరు వాటిని చూసి రిపోర్టు రాస్తారు. బిగించడానికి వచ్చినతను అరగంటలో అంతా చూపించి బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. మిగిలిందంతా నేను తప్పులు చేసి నేర్చుకున్నదే.

బల్బు వేసి కాసేపు వేడెక్కనివ్వండి. స్లైడులో రక్తం లేని ఖాళీ గాజు మీదికి వెళ్ళి, ఇది తెలుపు అని కెమెరాకు చెప్పండి. వెలుతురు తగ్గించినా పెంచినా మళ్ళీ చెప్పాలి. పసుపుపచ్చ రోగం దాంతో పోతుంది. కంటికి కుదిరిన ఫోకస్ కెమెరాకు కుదరకపోవచ్చు, కాబట్టి ఫొటో తీసేటప్పుడు తెరను చూసే సరిచేయండి. నల్ల మచ్చ కనబడితే స్లైడు కదపండి. మచ్చ కదిలితే అది స్లైడు మీద ఉంది. కదలకపోతే కెమెరాను తిప్పి చూడండి. అయినా తెరమీద అదే చోట ఉంటే కెమెరాలోనే దుమ్ము పడింది. మన ఊళ్ళో అది బొగ్గు దుమ్మే అయి ఉంటుంది, పని కాగానే గుడ్డ కప్పడం మరవకండి. ఫోన్ మెసేజీలో ఫొటో పంపితే అది నలిగిపోయి చేరుతుంది. తీసిన ఫైలు తీసినట్టే పంపండి. రంగులు దిద్దకండి.

ఇవన్నీ వచ్చేసరికి ఆరు నెలలు పట్టింది. వచ్చాక నాకు గర్వం కూడా వచ్చింది. తనకు వచ్చే ఫొటోలన్నిటిలో నువ్వు పంపినవే శుభ్రంగా ఉంటాయని హైదరాబాదు డాక్టరుగారు ఒకసారి ఫోన్‌లో అన్నారు. అంతకుముందు ఒకసారి స్లైడు అంచు నుంచి తీసి పంపిన ఫొటోను, ఇక్కడ కణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఇలాంటివి పంపొద్దు అని తిప్పి పంపారు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. కణాలు విడివిడిగా, అందంగా పరుచుకునేది స్లైడు నడుమనే. కానీ రక్తాన్ని గాజు మీద లాగేటప్పుడు పెద్ద కణాలు, చెడ్డ కణాలు అంచులకూ, రక్తం పలచబడి ముగిసే తోకకూ కొట్టుకుపోతాయి. అది మేడం నాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు.

కొమురయ్య

ఆ వానాకాలం డెంగీ ఊరంతా పాకింది. లాబు ముందు బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవారు. కొమురయ్య ముప్పై అయిదేళ్ళ మనిషి, రామగిరి దగ్గరి పల్లెవాడు. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దన్నులు నిలబెట్టే పని. నాలుగు రోజులుగా జ్వరం, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి, తెల్ల కణాలూ తగ్గాయి. డెంగీలో ఈ రెండూ జరుగుతాయి. అందరూ అదే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను.

వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా భార్య స్వరూపతో లాబులోనే కూర్చున్నాడు. నేను అతని స్లైడు పెట్టగానే తెర మీద గులాబీ రంగు ఎర్ర కణాలు, మధ్యలో ఊదా రంగు కణాలు పరుచుకున్నాయి. లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇది నాదేనా అక్కా?"

నీదే అన్నాను. స్వరూపను దగ్గరికి పిలిచి చూపించాడు. "బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్దినట్టున్నది సూడు. పొద్దంత చీకట్లనే ఉంటం గని, లోపల గింత రంగున్నదా మనకు."

నేను నవ్వి ఆ ఫొటోను తెర నిండా పెద్దది చేశాను. అతని ముఖం నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తుంది, ఆ గులాబీ వెలుతురు పడి.

వాళ్ళు వార్డుకు వెళ్ళాక స్లైడు తోక వైపు జరిపాను. అక్కడ మూడు పెద్ద కణాలు ఉన్నాయి. సగం నలిగి, స్లైడుకు అద్దే రంగు గింజలు కట్టి మీద పడి, మసకగా ఉన్నాయి. నా చెయ్యి ఆగింది. ఆగిందన్న మాట నేను దాచను. ఫోకస్ అటూ ఇటూ తిప్పాను, శుభ్రంగా రాలేదు. లాగేటప్పుడు చితికిన కణాలేమో అనుకున్నాను. బయట పదిహేను మంది ఉన్నారు. స్లైడు నడుమకు తిరిగి వచ్చి అయిదు మంచి ఫొటోలు తీసి పంపాను. డాక్టరుగారు వాటిలో ఉన్నదే రాశారు: ప్లేట్‌లెట్లు తక్కువ, వైరల్ జ్వరం కావచ్చు.

మూడో రోజు పొద్దున కొమురయ్య తలనొప్పి అంటూ లేచి, మాట తడబడి పడిపోయాడు. అంబులెన్సులో హైదరాబాదు పంపారు. మరునాడు చనిపోయాడు. అక్కడి కాగితంలో రక్త కేన్సర్ అని, మెదడులో రక్తస్రావం అని ఉంది.

ఆ కాగితం మా దవాఖానకు వచ్చిన రోజు, భోజనాల వేళ, పెట్టెలోంచి అతని స్లైడు తీసి పెట్టాను. సరాసరి తోక దగ్గరికి వెళ్ళాను. మొదటి కణం నలిగిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని స్లైడు మీద నూనె చుక్క వేసి, ఎక్కువ పవరులో ఓపికగా పావుగంట చూశాను. రంగు గింజల కింద, కట్టెల మోపు.

చెప్పకుండా గడిపిన ఏడాది

మేనేజరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి, రిపోర్టు మీద డాక్టరు సంతకం ఉంది, నువ్వెందుకు మీదేసుకుంటవు, పోయినోడు ఎట్లాగూ తిరిగి రాడు అన్నారు. ఆ మాటలు నాకు ఎంత హాయిగా అనిపించాయో చెప్పడానికి ఇవాళ సిగ్గుగా ఉంది. అప్పుడు చూసి కూడా పంపకపోవడం నా మొదటి తప్పయితే, ఈ హాయి రెండోది, దానికన్నా పెద్దది. పని ఒత్తిడిలో మొదటిది ఎవరికైనా జరుగుతుంది. రెండోది నేను తీరిగ్గా, రోజూ జీతం తీసుకుంటూ చేశాను.

ఒక్క మేడంకు మాత్రం ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మనిద్దరం ఉన్నప్పుడు నువ్వు జరిపేదానివి, నేను ఆపేదాన్ని" అన్నారు. "ఇప్పుడు నీ చెయ్యి తనంతట తాను ఆగింది చూడు, అది నేనే ఆపానని నువ్వు అనుకోవాల్సింది."

అతని ఇంట్లోవాళ్ళకు చెప్పావా అని అడిగారు. లేదన్నాను. బాణం అక్కడే ఉంచి ఊరుకున్నట్టే ఊరుకున్నారు. నేను కొమురయ్య భార్యతో మాట్లాడే నాటికి మేడం లేరు. చెప్పానని ఆమెకు చెప్పుకోవాలని ఎంత ఉండేదో. ఆ ఒక్క ఫోన్ చెయ్యలేకపోవడం నాకు ఇప్పటికీ తీరని లోటు.

స్వరూప

దాదాపు ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం జ్వరం పరీక్షకు స్వరూప వచ్చింది. భర్త పోయినందుకు బాయిలో ఉద్యోగం ఇచ్చారట, లోపలికి దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇచ్చే గదిలో. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. రక్తం తీసుకుంటుంటే ఆమె కళ్ళు నా చేతిమీద లేవు, తెర మీద ఉన్నాయి.

"అక్కా, ఆనాడు గా టీవీల సూపెట్టినవు గదా, ఆయన రక్తం. ఉన్నయా, తీసేసిండ్రా?"

నేను ఏదీ తీసెయ్యను. ఫైలు తెరిచాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అయిదు ఫొటోలూ ఒకటి తర్వాత ఒకటి చూసింది. మళ్ళీ మొదటిది పెట్టమంది. ఆ రెండు రోజులూ వార్డులో కనబడ్డవాళ్ళకల్లా తన రక్తం టీవీలో చూశానని చెప్పాడట, బాయి దోస్తులకు ఫోన్ చేసి కూడా చెప్పాడట. చెబుతూ నవ్వింది. ఆ ఏడాదిలో ఆయన గురించి నవ్వుతూ మాట్లాడటం అదే మొదలేమో, మధ్యలో తనే ఉలిక్కిపడి ఆగింది.

అక్కడితో ఊరుకుంటే ఆమె సంతోషంగా వెళ్ళిపోయేది. నేను కూడా. లేచి పెట్టెలోంచి స్లైడు తీసుకొచ్చి పెట్టాను. తోక దగ్గరికి జరిపి, మూడో కణాన్ని తెర మీదికి తెచ్చాను.

"స్వరూపా, ఇది కూడా ఆయనదే. ఆనాడు నేను చూసిన. డాక్టరుకు పంపలే."

అదేమిటో చెప్పాను. కట్టెల మోపు సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది.

"సూసినంక ఎందుకు పంపలే?"

"ఫొటో మంచిగ రాలేదని."

"పంపితే బతుకునా?"

"చెప్పలేను. బతికినోళ్ళు ఉన్నరు."

ఆమె అరవలేదు. దూది పెట్టిన చెయ్యి మడిచి పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమె రిపోర్టు నా బల్ల మీదే ఉండిపోయింది. ఆ వారం తలుపు చప్పుడైన ప్రతిసారీ చూశాను. వచ్చి తిట్టినా బాగుండును, పదిమందిని తీసుకొచ్చి అడిగినా బాగుండును అనిపించేది. మేనేజరుకు మళ్ళీ చెప్పాను, ఈసారి రాసి ఇచ్చాను. హైదరాబాదు డాక్టరుగారికీ అదే రాసి, మూడో కణం ఫొటో, మసకగా ఉన్నది ఉన్నట్టే, పంపాను. ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. అంచులవి పంపొద్దన్నది తనేనని ఆయనకు గుర్తుంది. ఇక నుంచి ప్రతి స్లైడుకూ అంచుల నుంచి రెండు, తోక నుంచి రెండు, ఎట్లా వచ్చినా సరే పంపు అన్నారు. నేను పని మానేదాకా అట్లాగే పంపాను.

మీరూ అట్లాగే చెయ్యండి. తక్కువ పవరులో స్లైడు ఈ కొస నుంచి ఆ కొసదాకా చూడకుండా కెమెరా మీట ముట్టుకోకండి. దూరాన ఉన్న డాక్టరు మీరు చూపించిందే చూస్తారు, మీరు వదిలేసింది ఆయనకు లేనట్టే. చెయ్యి ఆగితే అక్కడ ఫొటో తియ్యండి. అది వికారంగా వస్తే, వికారంగా ఉందని కింద రాసి పంపండి.

తొమ్మిదో రోజు

తొమ్మిదో రోజు స్వరూప వచ్చింది. రిపోర్టు కోసమేమో అనుకుని తీసి ఇవ్వబోయాను. అది కాదంది. అత్తను తీసుకొచ్చిందట, బయట బెంచీ మీద కూర్చోబెట్టిందట. ఫొటోలు ఉన్నాయని విన్నప్పటి నుంచి ముసలామె చూస్తానని ఒకటే పట్టు.

"ఆమెకు ఆ పూలసొంటియే సూపెట్టక్కా. ఇంకోటి నాకు తెల్సు, చాలు."

నేను మాఫ్ చెయ్యమని అడగబోయాను. సగంలోనే ఆపింది. "అది అడగకు. ఇంకా నాతోని అయితలేదు." కోపంగా అనలేదు. జీతం ఇంకా రాలేదని చెప్పినట్టు చెప్పింది. ఆ మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. అయిందని అబద్ధం చెప్పి ఉంటే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ముసలామెను లోపలికి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాం. సన్నటి మనిషి, కళ్ళద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంది. మొదటి ఫొటో తెర నిండా పెట్టాను.

"ఇవన్ని మావోనియేనా బిడ్డా?"

"అవునవ్వా."

వేలితో తెర మీద ఒక కణాన్ని తాకింది. దాని పక్కదాన్ని తాకింది. అట్లా ఒక వరుస అంతా తాకింది. తర్వాత నా వైపు తిరిగింది.

"కదుల్తలేవేంది?"

"ఫొటో గదవ్వా" అన్నాను.

సరేనన్నట్టు తల ఊపింది. తమ ఊరి వైపు పోయే సెంటినరీ కాలనీ బస్సుకు ఇంకా గంట ఉందని, బస్టాండుకు పోయి కూర్చుందామని స్వరూప అంది. ముసలామె లేవలేదు, ఇక్కడే కూర్చుంటానంది. నేను మిగిలిన స్లైడులు తీసుకుని కిటికీ పక్కనున్న ఇంకో మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళిపోయాను. అయిదు నిమిషాలకోసారి ఆ కంప్యూటరు తెర తనంతట తానే నల్లబడేది. అప్పుడల్లా స్వరూప చెయ్యి చాపి మౌసు కదిపేది, తెర మళ్ళీ గులాబీ రంగులో వెలిగేది. బస్సు వేళయ్యేదాకా వాళ్ళిద్దరూ అట్లాగే కూర్చున్నారు.